చాంబర్ ప్యాకింగ్‌కి రెండు రోజులు

ఇంజన్ కింద చాంబర్ ప్యాకింగ్ మార్చే పనికి కారును రెండు రోజులు వదిలేయాలి. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇదే. పొద్దున బండి అప్పగించి, సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ తీసుకుపోతానంటే, ఎంత చేయితిరిగిన మేస్త్రి చేసినా ఆ పని నిలవదు. కొన్నాళ్లకే పార్కింగ్‌లో మళ్ళీ నల్లచుక్కలు పడతాయి. ఆ మేస్త్రికి పని రాదని మనం తేల్చేసి ఇంకో షెడ్డు వెతుక్కుంటాం. అక్కడా సాయంత్రానికే కావాలంటాం.

మా నాన్నగారి మార్క్ 4 అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతోంది. దాని మంచిచెడ్డలన్నీ విజయవాడ ఆటోనగర్‌లో ఒకే మేస్త్రి చూస్తారు. ఆయన పని చేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం, పిలిస్తే బండి కిందకి దూరి పానా పట్టుకోవడం నాకు చాలా ఇష్టం. చాంబర్ పని గురించి నాకు తెలిసిందంతా అక్కడ చూసిందే.

చాంబరంటే ఇంజన్ అడుగున నట్లతో బిగించిన రేకు తొట్టి. ఇంజన్ ఆయిలంతా అందులో ఉంటుంది. పంపు అక్కడి నుంచి జల్లెడ గుండా లాగి పైకి పంపుతుంది, ఆయిల్ భాగాలన్నిటినీ తడిపి మళ్ళీ కిందకి జారుతుంది. ఆ తొట్టి అంచుకీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య కూర్చునేదే ప్యాకింగ్. పాత బళ్లలో బెండు షీటు, తర్వాత రబ్బరు, ఇప్పుడు చాలా బళ్లలో అసలు షీటే లేకుండా ట్యూబులోంచి పిండే సిలికాన్. అంబాసిడర్‌ది బ్రిటన్ బీఎంసీ కంపెనీ రూపొందించిన 1489 సీసీ ఇంజన్. దాని చాంబర్‌కి రెండు పక్కలా బెండు ప్యాకింగులు, ముందూ వెనకా బేరింగు మూతల దగ్గర విడిగా బెండు ముక్కలు వస్తాయి. నాలుగు మూలల్లో ఇవి ఒకదానికొకటి ఆనే చోటే కారడం ఎక్కువ.

అయితే కింద తడి కనబడగానే ప్యాకింగ్ మీద నేరం మోపకూడదు. "ముందు కడుగుదాం మాస్టారూ. కడక్కుండా విప్పితే ఎక్కణ్ణుంచి కారుతోందో దేవుడికి కూడా తెలీదు" అంటారు మా మేస్త్రి. ఆయన మాట అక్షరాలా నిజం. ఆయిల్ పైనుంచి కిందకి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. ట్యాపెట్ కవర్ దగ్గర మొదలైన తడి బ్లాక్ గోడ మీదుగా దిగి, చాంబర్ అంచున పోగై, అక్కణ్ణుంచి చుక్కలుగా రాలుతుంది. చూసేవాడికి చాంబరే కారుతున్నట్టుంటుంది. అందుకని ఇంజన్‌ని డీజిల్‌తో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, అనుమానమున్న చోటల్లా టాల్కం పౌడరు చల్లి, ఊళ్లో ఒక చుట్టు తిప్పి తీసుకురావాలి. పౌడరు మీద ఆయిల్ దారి గీసినట్టు కనిపిస్తుంది.

మేస్త్రి చూపు పైనుంచి కిందకి దిగుతుంది: ట్యాపెట్ కవర్, డిస్ట్రిబ్యూటర్ అడుగు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్, టైమింగ్ కవర్, ఆ తర్వాతే చాంబర్. స్విచ్, ఫిల్టర్ దగ్గర పంపు ఒత్తిడి ఉంటుంది కాబట్టి అక్కడ లీకైతే ఇంజన్ నడుస్తున్నప్పుడే జోరుగా వస్తుంది, ఆపితే తగ్గిపోతుంది. డ్రెయిన్ నట్టు కింద రాగి వాషరు అరిగినా చాంబర్ కారుతోందనే అనుకుంటారు. పాత అంబాసిడర్లకైతే ఇంకో చిక్కుంది. వాటి క్రాంక్ వెనకవైపు రబ్బరు సీలు ఉండదు. క్రాంక్ మీదే మరచుట్టులా ఒక గాడి కోసి ఉంటుంది, తిరిగేటప్పుడు అది ఆయిల్‌ని లోపలికి తోస్తుంది. బండి ఆగితే ఆ గాడికి పని లేదు. ముందు చక్రాలు ఎత్తు మీద పెట్టి బండి నిలిపితే క్లచ్ హౌసింగ్ కింద చుక్క పడుతుంది. దానికి చాంబర్ ప్యాకింగ్ ఎన్నిసార్లు మార్చినా డబ్బు దండగ.

మరొకటి, ఇంజన్ ఊపిరి. పిస్టన్ల పక్కనుంచి కిందకి దిగే పొగ బయటికి పోవడానికి ఒక గొట్టం ఉంటుంది. కొత్త బళ్లలో దానికి వాల్వు కూడా ఉంటుంది. అది మసితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, దొరికిన ప్రతి సందులోంచీ ఆయిల్‌ని బయటికి నెడుతుంది. ఆ గొట్టం శుభ్రం చేయకుండా కొత్త ప్యాకింగ్ వేస్తే అదీ చెడుతుంది. లీకని వచ్చిన బళ్లలో ఈ గొట్టం చూడని షెడ్డుకి నేను రెండోసారి వెళ్లను.

ఇప్పుడు విప్పుదాం. బండి కింద మనిషి పడుకునే పని ఇది. జాకీని నమ్మి, ఇటుకల్ని నమ్మి దూరకూడదు. గట్టి స్టాండ్లు పెట్టాలి, లేదా గొయ్యి ఉన్న షెడ్డు కావాలి. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు డ్రెయిన్ నట్టు తీస్తే ఆయిల్ మడ్డితో సహా దిగుతుంది. ఆ పాత ఆయిల్‌ని డబ్బాలో దాచి అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది. దాన్ని కాలవలో వదిలేసే షెడ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. కృష్ణా కాలవల పక్కన బతికే ఊరు మాది.

చాంబర్ కిందకి దిగిందంటే పని సగమైందనుకుంటాం. అసలు పని అప్పుడు మొదలవుతుంది. మొదట ఆగడం. చాంబర్ తీసేసిన తర్వాత కూడా క్రాంక్ మీద నుంచి, కనెక్టింగ్ రాడ్ల మీద నుంచి, పంపు గొట్టం లోంచి ఆయిల్ చుక్కచుక్కగా పడుతూనే ఉంటుంది. ఇంజన్ ఓ రాత్రంతా అలా తెరిచి ఉండాలి. ఆ చుక్కలు ఆగకముందే అంచు తుడిచి సిలికాన్ పూస్తే, తుడిచిన చోటికే మళ్ళీ ఆయిల్ వచ్చి చేరుతుంది. జిడ్డు మీద సిలికాన్ అంటదు. సాయంత్రానికి కావాలన్న మన తొందర పనిని చెడగొట్టేది సరిగ్గా ఇక్కడే.

తర్వాత గీకడం. పాత బెండు ముక్కలు, వాటి మీద ఎవరో ఎప్పుడో రాసిన షెల్లాక్, ఎండి రాయైన సిలికాన్, అన్నీ పోవాలి. చాంబర్ అంచుకి విరిగిన హ్యాక్సా బ్లేడు చాలు. బ్లాక్ అంచు మాత్రం తలకి పైన ఉంటుంది, గీకిందంతా కళ్లలో పడుతుంది. పోత ఇనుప బ్లాకైతే బ్లేడు ఆడించవచ్చు. అల్యూమినియం బ్లాకుకి ఇనుము తగలకూడదు, చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో ఓపికగా తీయాలి. ఒక్క గీటు పడినా ఆయిల్‌కి అదే దారి. చివర్లో పెట్రోలులో ముంచిన బనియన్ గుడ్డతో, గుడ్డకి మురికి అంటడం మానేదాకా తుడవాలి. నట్ల రంధ్రాల్లో చేరిన ఆయిల్ కూడా తీయాలి.

ఈ గీకుడు పనిని చాలా షెడ్లలో అందరికన్నా చిన్న కుర్రాడికి అప్పగిస్తారు. అందరికన్నా తక్కువ కూలీ అతనిదే. లీకు ఆగడమా, మళ్ళీ రావడమా అన్నది మాత్రం ఆ అంచు శుభ్రతతోనే తేలుతుంది. మా మేస్త్రి దీన్ని తిరగేశారు. నట్లు విప్పడం కుర్రాడికిచ్చి, అంచు గీకడం తాను చేస్తారు. వయసు మీద పడింది, మెడ నొప్పి పుడుతుంది, అయినా ఇంకొకరికి ఇవ్వరు. ఆయన మీద నాకున్న గౌరవంలో ఎక్కువ భాగం దీనివల్లే.

అంచు శుభ్రమయ్యాక దాన్ని వెలుతురుకి పట్టి చూడాలి. ఇంతకు ముందు ఎవరో బలం కొద్దీ బిగించి ఉంటే, ప్రతి రంధ్రం చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులు ప్యాకింగ్‌ని నొక్కుతాయి, వాటి మధ్య రేకు ఆనదు. రెండు నట్ల నడుమ కారడానికి కారణం ఇదే. అంచుని మందపాటి ఇనుప పలక మీద పెట్టి, చిన్న సుత్తితో ఒక్కో రంధ్రాన్నీ మట్టానికి కొట్టి, తిన్నని బద్ద ఆనించి చూడాలి. మన ఊళ్లలోని స్పీడ్ బ్రేకర్లు చాంబర్ అడుగుకి చేసే సొట్టల్ని కూడా అప్పుడే తీయాలి. అడుగు లోపలికి నొక్కుకుపోతే పంపు జల్లెడకి ఆయిల్ సరిగ్గా అందదు, అది లీకుకన్నా పెద్ద ప్రమాదం.

ప్యాకింగ్ దొరకని పాత బళ్లకి ఆటోనగర్‌లో ఇంకా చేత్తోనే కోసేవాళ్లున్నారు. షీటుని అంచు మీద పరిచి, బాల్ పిన్ సుత్తితో అంచు వెంట మెల్లగా కొట్టుకుంటూ పోతారు. అంచు పదునుకి షీటు తెగుతుంది. రంధ్రం మీద బేరింగు గుండు పెట్టి ఒక్క దెబ్బ వేస్తే గుండ్రంగా చిల్లు పడుతుంది. కొలత లేదు, గీత లేదు, తప్పు పోదు. చూడముచ్చటగా ఉంటుంది. కొట్లో ఏళ్ల తరబడి ఉన్న బెండు ప్యాకింగ్ మన ఎండలకి కుంచించుకుపోయి, రంధ్రాలు కలవక వెక్కిరిస్తుంది. దాన్ని పారేయక్కర్లేదు. కాసేపు గోరువెచ్చని నీళ్లలో వేస్తే సాగి మామూలవుతుంది.

సిలికాన్ పూసే బళ్లకైతే ఎక్కువ పూయడం వల్లే కొంప మునుగుతుంది. మెహందీ కోనుతో గీత లాగినట్టు, తెగకుండా, సుమారు 3 మిల్లీమీటర్ల మందంతో, నట్ల రంధ్రాలకి లోపలి వైపు నుంచి పోవాలి. భద్రత కోసమని రెండింతలు పిండితే, మిగిలింది లోపలికి నెట్టుకుపోయి, ఎండి, ఊడి, ఆయిల్‌లో తేలి వెళ్లి జల్లెడకి అడ్డం పడుతుంది. పంపు ఖాళీగా తిరుగుతుంది, బేరింగులు ఎండిపోతాయి. చుక్క కారిన ఇంజన్ బతుకుతుంది, ఆయిల్ అందని ఇంజన్ బతకదు.

ఇక బిగింపు. చాంబర్‌లో ఆయిల్ మట్టం మామూలుగా ప్యాకింగ్ అంచుకన్నా కిందే ఉంటుంది. పంపు ఒత్తిడి అక్కడికి రాదు. తుంపర్లు, గోడల మీద జారే తడి, అంతే దానికి తగిలేది. కాబట్టి దానికి బలం అక్కర్లేదు, సమానమైన ఒత్తిడి కావాలి. చాలా కార్లలో అక్కడుండేవి 6 మిల్లీమీటర్ల బోల్టులు. వాటికి 10 న్యూటన్ మీటర్ల దరిదాపు చాలు, చక్రం నట్లకి వేసే బిగువులో అది పదో వంతు. కచ్చితమైన అంకె ఆ బండి సర్వీసు పుస్తకంలో ఉంటుంది. మధ్యలోంచి మొదలుపెట్టి, ఎదురెదురు బోల్టులు పట్టుకుంటూ చివరలకి పోవాలి, రెండు మూడు విడతలుగా. పొడుగు పానా పట్టుకోనివ్వరు మా మేస్త్రి. "చేతి బలం ఇక్కడ చూపించకు నాన్నా, బెండు పక్కకి పారిపోద్ది" అని కుర్రాడికి చెబుతుంటారు. సిలికానైతే మొదట చేత్తో ఆనేంత వరకే తిప్పి, అది కొంచెం గట్టిపడ్డాక అసలు బిగువు ఇవ్వాలి. చాలా సిలికాన్లు గాలిలోని తేమతోనే గట్టిపడతాయి, పూర్తిగా కుదురుకోవడానికి ఎక్కువ రకాలకి 24 గంటలు పడుతుంది. ఆ తర్వాతే ఆయిల్ పోయాలి.

లెక్క చూడండి. కడగడం, తిప్పి చూడటం, ఓ రాత్రి చుక్కలు దిగనివ్వడం, ఓ పూట గీకడం, ఒక రోజు సిలికాన్ ఆరడం. ఇందులో పానా తిరిగే సమయం చాలా కొద్ది. బిల్లులో మాత్రం ప్యాకింగ్ ధర, ఆయిల్ ధర, లేబర్ అని ఒక చిన్న అంకె ఉంటాయి. ఆ అంకె మీదే మనం బేరమాడతాం. ఖాళీగా నిలబడిన బండి షెడ్డులో చోటు తింటుంది, ఆ చోటులో ఇంకో రెండు బళ్లు చూసుకునేవాడు మేస్త్రి. ఆ నష్టం ఆయన ఒక్కడిదే కావడం అన్యాయం. అందుకే నేను బండి ఇచ్చేటప్పుడే రెండు రోజులని చెబుతాను, ఆ రెండు రోజుల కూలీ ఎంతో ముందే అడిగి ఒప్పుకుంటాను. మీరూ అలా అడిగి చూడండి. మంచి మేస్త్రి అయితే పని తీరే మారిపోతుంది.

బండి తీసుకున్నాక ఇంజన్‌ని కాసేపు ఊరికే నడిపి, ఆపి, అంచు చుట్టూ వేలితో తడిమి చూడండి. మర్నాడు పొద్దున డిప్ స్టిక్ తీసి మట్టం చూడండి, పై గీత దాటి పోసి ఉంటే తగ్గించండి. బెండు ప్యాకింగైతే, ఇంజన్ కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక బోల్టులు కొద్దిగా వదులవుతాయి. వారం తర్వాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లి ఒకసారి పానా తాకించమనండి. సిలికానైతే ఆ బోల్టుల జోలికి ఎవర్నీ వెళ్లనివ్వకండి. ఆరిపోయిన తర్వాత మళ్ళీ బిగిస్తే అంటుకున్న పొర నలిగి ఊడుతుంది, చేసిన పనంతా మొదటికొస్తుంది.