20 యూనిట్లు: సగము చెప్పిన మోతాదు

గద్వాల ప్రాంతమున మల్దకల్ వంటి మండల కేంద్రములో మధుమేహ రోగి చేతిలో నుండు మందుచీటీలో తరచు కనబడు వ్రాత యిది: "ఇన్సులిన్ - ఉదయము 20 యూనిట్లు, సాయంత్రము 12 యూనిట్లు, భోజనమునకు ముందు." ఇది తప్పని ఎవ్వరును అనజాలరు. కాని ఇది సంపూర్ణమా? హార్మోను చికిత్సలో మోతాదనగా ఒక్క అంకె మాత్రమేనా? వైద్యుని వ్రాతను ప్రశ్నించుట అవిధేయత యని మన సమాజములో ఒక భావము కలదు. విజ్ఞానశాస్త్రము మాత్రము కొలతను కొలతగా పరీక్షింపుమని చెప్పును. ఆ దృష్టితో ఈ చీటీని చదువవలసియున్నది.

ఇన్సులిన్ క్లోమగ్రంథి నుండి రక్తములోనికి ప్రవహించు హార్మోను. అది 51 అమినో ఆమ్లములు గల ప్రోటీను. కనుక నోటితో మ్రింగినచో జీర్ణరసములు దానిని ముక్కలు చేయును. సాధారణముగా సూది మూలమున ఇయ్యవలెను. 1921-22లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు, మాక్లియాడు, కాలిప్ అనువారు దీనిని సిద్ధము చేసిన కాలములో శుద్ధమైన మందును తూచి ఇచ్చు వీలు లేకుండెను. ఉపవాసముంచిన కుందేలు రక్తములోని చక్కెరను నిర్ణీతమైన మట్టమునకు దింపగల పరిమాణమును ఒక యూనిట్ అనిరి. నేడు ఒక యూనిట్ అనగా 0.0347 మిల్లీగ్రాముల మానవ ఇన్సులిన్. అనగా యూనిట్ మందు యొక్క కొలతయే గాని, అది కరగియున్న ద్రవము యొక్క కొలత కాదు.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. మన దేశములో సీసాలలో దొరకు ఇన్సులిన్‌లో ఎక్కువ భాగము ఒక మిల్లీలీటరునకు 40 యూనిట్ల బలము గలది. కలము వంటి సాధనములలో వాడు మందు 100 యూనిట్ల బలము గలది. ఆ బలము గల సీసాలును కలవు. 40 బలమునకు ఎర్రమూత గల సిరంజి, 100 బలమునకు నారింజరంగు మూత గల సిరంజి వేరువేరుగా చేయబడినవి. ఒకదానికి మారుగా మరియొకటి వాడినచో ఏమగునో ఎనిమిదవ తరగతి విద్యార్థియు లెక్కింపగలడు. 40 బలము గల మందును 100 సిరంజిలో 20 గీత వరకు తీసినచో వచ్చునది 0.2 మి.లీ.; అందులో ఉండునది 8 యూనిట్లే. 100 బలము గల మందును 40 సిరంజిలో 20 గీత వరకు తీసినచో 0.5 మి.లీ. వచ్చును; అనగా 50 యూనిట్లు! మొదటి దానివలన రోగము లొంగదు. రెండవ దానివలన రక్తములో చక్కెర పడిపోయి రోగి స్పృహ తప్పవచ్చును, ప్రాణాపాయమే కలుగవచ్చును. చీటీ మీది అంకె రెండింటను ఒక్కటే.

వ్రాత విషయమును ఇట్టిదే. యూనిట్ అనుటకు ఇంగ్లీషు అక్షరము "యు" ఒక్కటే వ్రాయు అలవాటు కలదు. 10 ప్రక్కన త్వరగా వ్రాసిన ఆ అక్షరము సున్నవలె కనబడి, 10 కాస్త 100 గా చదువబడు ప్రమాదమున్నది. అందుచేతనే అమెరికాలో ఆసుపత్రులను పరీక్షించు సంస్థ 2004లో ఈ సంక్షేపమును నిషిద్ధముల పట్టికలో చేర్చినది. మన దేశములో వైద్యులు మందుల పేర్లను స్పష్టముగా వ్రాయవలెనని 2016లో భారత వైద్య మండలి నిబంధన చేసినది. పేరు స్పష్టమైనంత మాత్రమున చాలదు. బలము కూడ స్పష్టము కావలెను.

ఇక సూది వేయు పద్ధతి. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి ఇచ్చిన మొదటి సూది ఆశించిన ఫలమియ్యలేదు. సూది వేసినచోట గడ్డ లేచినది. కాలిప్ శుద్ధి చేసిన మందును 23వ తేదీన ఇచ్చిన పిమ్మటనే గుణము కనబడినది. చికిత్సలో సూది వేసిన చోటును కూడ పరీక్షింపవలెనన్న పాఠము ఆనాటిదే. ఇన్సులిన్ చేరవలసినది చర్మము క్రింది కొవ్వు పొరలోనికి. పెద్దలలో చర్మము మందము సుమారు 2 మిల్లీమీటర్లే కనుక 4 మిల్లీమీటర్ల సూది చాలును. పొడవైన సూదిని నిట్టనిలువుగా గ్రుచ్చినచో, ముఖ్యముగా బక్కపలుచని వారిలో, మందు కండరములో పడి వేగముగా రక్తమున కలియును. చక్కెర హఠాత్తుగా దిగును.

రోజూ ఒక్క చోటనే గ్రుచ్చుట మరియొక దోషము. అక్కడ కొవ్వు గట్టిపడి గడ్డ కట్టును. నొప్పి తక్కువని రోగి ఆ చోటునే కోరును. కాని అక్కడినుండి మందు ఒకనాడు కొంత, మరియొకనాడు కొంత రక్తములో చేరును. చక్కెర తగ్గలేదని మోతాదు పెంచుదురు. ఒకనాడు క్రొత్తచోట సూది పడగానే ఆ పెరిగిన మోతాదంతయు ఒక్కమారుగా పనిచేయును. రోగి పొట్టను తడిమి చూడక అంకెను మాత్రము పెంచుట ఈ చికిత్సలో విమర్శింపదగిన మొదటి లోపము. ప్రతి సూదియు వెనుకటి చోటునుండి ఒక వ్రేలి వెడల్పైనను దూరముగా పడవలెను.

గద్వాల ప్రాంతపు వేసవిని కూడ లెక్కకు తీసుకొనవలెను. తెరవని సీసాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను. శీతలయంత్రము లేని ఇంట, తడి మట్టికుండలో, నీరు తగులకుండ, సీసాను ఉంచుట మేలు. నీరు ఆవిరియగుచు వేడిని హరించును. ఎండలో చెడిన మందు 20 యూనిట్లు పోసినను 20 యూనిట్ల పని చేయదు. మబ్బుగా నుండు మందును అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి సమముగా కలుపకపోయినను ఫలితమిట్టిదే.

వైద్యుని పక్షమున చెప్పవలసినదియు కలదు. మోతాదు ఊహతో వ్రాసినది కాదు. పెద్దలలో వచ్చు మధుమేహమునకు సాధారణముగా రోజుకు 10 యూనిట్లతోనో, శరీరపు బరువులో కిలోకు 0.1 నుండి 0.2 యూనిట్లతోనో మొదలిడి, రక్తపరీక్షలను బట్టి సవరింతురు. కాని పత్తి విత్తనపు చేలలో దినమంతయు పూలు అద్దు కూలికిని, అంగడిలో కూర్చుండు వర్తకునికిని ఒక్క అంకె సరిపడదు. శ్రమించు కండరములు చక్కెరను అధికముగా వాడుకొనును. ఈ సంగతి వైద్యునికి తెలియవలెనన్న రోగి చెప్పవలెను, వైద్యుడు అడుగవలెను. రద్దీగా నుండు ఆసుపత్రిలో ఈ రెండును జరుగుట లేదన్నచో, ఆ లోటును చీటీయే తీర్చవలెను.

ప్రశ్నించుట వేరు, మందు మానుట వేరు. బాల్యమున వచ్చు మధుమేహములో ఇన్సులిన్ మానుట మృత్యువును పిలుచుటయే. మోతాదును రోగి తనంత మార్చుకొనరాదు. అడుగవలసినవి అయిదు: మందు బలమెంత? సిరంజి ఏ రంగు మూతది? ఎక్కడ, ఎంత లోతున గ్రుచ్చవలెను? భోజనమునకు ఎన్ని నిమిషములు ముందు? చెమట, వణకు, తల తిరుగుట కలిగిననాడు ఏమి చేయవలెను? ఈ చివరి ప్రశ్నకు సమాధానము ప్రతి ఇంట తెలిసియుండవలెను: వెంటనే 15 గ్రాముల చక్కెర నీటిలో కలిపి త్రాగించవలెను, స్పృహ లేనివానికి నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను.

హార్మోనుల పాఠము చెప్పు ఉపాధ్యాయుడు క్లోమగ్రంథి బొమ్మతో ఆగక, నల్లబల్లపై ఆ రెండు సిరంజిల లెక్కను చేయించినచో మంచిది. తాతకో తల్లికో ఇంట సూది వేయు విద్యార్థులు తరగతిలో ఉండవచ్చును. వారికి ఆ లెక్క పరీక్షలో మార్కులకన్న ముందు ఇంటిలో ప్రాణమును కాపాడును.