అయోనా బెంగ, నాస్తెంకా పిన్నీసు

ఒంటరితనం, ఎడబాటు, బెంగ – ఇవి కథలో కనబడగానే ‘మధ్యతరగతి నిరాశావాదం’ అని ముద్ర వేయడం అభ్యుదయ విమర్శలో చాలాకాలం సాగింది. అదే విమర్శ రష్యన్ మహారచయితలను మాత్రం నెత్తిన పెట్టుకొన్నది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాలలో చౌకగా దొరికిన రోజుల్లో మనం చదివింది గోర్కీ ‘అమ్మ’ ఒక్కటే కాదు గదా!

చేహోవ్ 1886లో రాసిన ‘తోస్కా’ చూడండి. ఆ మాటకు విషాదం, దుఃఖం అనడం కద్దు. నాకు ‘బెంగ’ దగ్గరగా తోస్తుంది. బెంగ పశువులకూ ఉన్నది. దూడ చచ్చిన గేదె మేత ముట్టక, పాలు చేపకపోతే మా వత్సవాయి వైపు రైతు ‘బెంగ పెట్టుకుంది’ అంటాడు.

పీటర్స్‌బర్గ్ మంచులో జారుడుబండి తోలే అయోనాకు ఆ వారమే కొడుకు పోయాడు. బండెక్కిన మిలిటరీ అధికారికి చెప్పబోయాడు; విన్నవాడు లేడు. తర్వాత ముగ్గురు కుర్రకారు ఎక్కి, ఇరవై కోపెక్కులిస్తామన్నారు. గిట్టని బాడుగే. అయినా మనుషులుంటే చాలనుకొన్నాడు. వాళ్లు తిట్టి, మెడమీద కొట్టి తొందరపెట్టారు. చివరికి గుర్రానికే చెప్పుకొన్నాడు: నీ పిల్ల చచ్చిపోతే నీకు బాధ కాదా అని.

దీన్ని జాలికథగా చదివితే సగమే చదివినట్లు. బాడుగ ఇచ్చినవాడికి కనిపించేది బండివాడి వీపు. ముఖం చూడవలసిన అవసరం అతనికి లేదు. అయితే ఒక చిక్కున్నది. రాత్రి బసలో నీళ్లకోసం లేచిన పడుచు బండివాడు అయోనా వర్గంవాడే. వాడూ వినకుండా ముసుగుతన్ని పడుకొన్నాడు. మన కథకులలో చాలామంది ఇక్కడ వాణ్ణి లేపి కూర్చోబెట్టి ఉండేవారు! చేహోవ్ ఆ పని చేయలేదు. వాడికీ పగలంతా చలిలో తిరిగిన నిద్ర ఉన్నది.

దొస్తొయేవ్‌స్కీ ‘శ్వేతరాత్రులు’ (1848) చదివి, పేరైనా లేని ఆ స్వాప్నికుడి కోసం కన్నీరు కార్చేవారు నాస్తెంకా పిన్నీసును మరచిపోతారు. గుడ్డి మామ్మ మనవరాలి గౌనును తన గౌనుకు పిన్నీసుతో గుచ్చి పక్కన కూర్చోబెట్టుకొంటుంది. అద్దెకున్న యువకుడి గదికి ఆ పిల్ల మూట కట్టుకొని వెళ్లడంలో వలపెంత, ఆ పిన్నీసును వదిలించుకోవాలన్న ఆరాటమెంత? స్వాప్నికుణ్ణి ఆమె మోసగించిందనే విద్యార్థులు ఈ పేజీలు మళ్లీ చదవాలి. ఇక ‘అన్నా కరేనినా’ సంగతి చెప్పనక్కరలేదు: వ్రోన్‌స్కీకి తెరిచి ఉన్న తలుపులే ఆమెకు మూతపడ్డాయి.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి ఒంటరితనానికీ తల్లిమీద లోకం వేసిన నింద ఒక మూలం. దాన్ని మనస్తత్వ నవల అని పక్కన పెట్టాము. దయానిధికి తన బాధను విప్పి చూసుకొనే చదువూ తీరికా ఉన్నాయి, అయోనాకు లేవు. ఈ తేడా చెప్పవలసిందే. కాని నింద వేసిన సంఘాన్ని వదిలి, నింద మోసినవాడిని నిరాశావాది అనడం ఏం న్యాయం?

ఇప్పుడు పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో పోగా, ఇళ్లలో మిగిలిన ముసలివాళ్లమీద కథలు బాగానే వస్తున్నాయి. వాటిలో ముసలివాళ్ల నిట్టూర్పులు నిండుగా ఉన్నాయి. పిల్లలకు వినే తీరిక ఎందుకు లేదో, ఆ తీరికను ఎవరు కొనుక్కొన్నారో మాత్రం ఒక్క వాక్యం కనబడదు. చేహోవ్ తన ప్రయాణికుల తొందరకు ఎంత చోటిచ్చాడో ఆ కథకులు లెక్కపెట్టి చూడవచ్చు.