దెబ్బకీ దెబ్బకీ మధ్య

అనంతగిరిలో ధింసా ఆటను రికార్డు చేయబోయే సౌండ్ ఇంజనీరుకు చిక్కు ఊదే మోరితో రాదు. మోరి అందుకుందంటే ఊపిరి సాగినంతసేపూ ఇంచుమించు ఒకే జోరు. పేచీ అంతా డప్పుతో, తుడుముతో. అవి మోగుతుండగా, వెనక చేతులు కలుపుకుని వరసగా కదిలే ఆడవాళ్ల పాట, వాళ్ల కాలి అందెల చప్పుడు కూడా వినబడాలి. డప్పు దెబ్బకు మీటరు ముల్లు ఎర్రగీత దాటుతుంది. జంకి లెవెల్ తగ్గిస్తే పాట మాయం. శబ్దం ఒక హద్దు దాటగానే అణిచి, తగ్గగానే వదిలేసే కంప్రెసర్ గుర్తొచ్చేది ఇక్కడే.

ఈ యంత్రాన్ని ముందు పెంచి పోషించింది రేడియో. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ మోయగలిగిన దానికన్నా గట్టి శబ్దం వస్తే ప్రసారం పగిలిపోతుంది. 1963లో మొదలైన ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రానికైనా, అమెరికా స్టేషనుకైనా ఆ హద్దు ఒకటే. స్టూడియోల వాళ్లు దీన్ని చేతిలోకి తీసుకున్నాక, కాపలాకని పెట్టుకున్నది కాస్తా వాద్యంలా వాడకంలోకి వచ్చింది.

పాత యంత్రాల్లో ఏది గొప్పదన్న వాదన ఎడతెగదు. ట్యూబుల వెచ్చదనం, ట్రాన్స్‌ఫార్మర్ల నిండుదనం అంటూ చాలా చెబుతారు. అందులో నిజం లేకపోలేదు. కానీ నా మట్టుకు, ఎప్పుడు పట్టుకుంటుంది, ఎప్పుడు వదులుతుంది అన్నదాంట్లోనే వాటి స్వభావం ఉంది. దాన్ని డప్పు బయటపెట్టినంతగా గొంతు బయటపెట్టదు.

తెలుగు నేల మీద డప్పుకు రెండు పుల్లలు. లావాటి సిర్ర పెద్ద దెబ్బలు వేస్తుంది. సన్నటి సిటికెన పుల్ల ఆ దెబ్బల నడుమ చిటపటలు నింపుతుంది. టెలిట్రానిక్స్ ఎల్ఏ-2ఏ దీన్ని ఎలా వింటుందో చూడండి. 1960ల్లో జిమ్ లారెన్స్ రూపొందించిన ఈ యంత్రంలో శబ్దాన్ని బట్టి ఒక పలక వెలుగుతుంది, ఆ వెలుగును చూసి ఒక ఫోటోసెల్ శబ్దాన్ని తగ్గిస్తుంది. పట్టుకోవడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఆలోపు సిర్ర దెబ్బ అంచు తప్పించుకుపోతుంది. వదలడం మాత్రం రెండు విడతలు: సగం 60 మిల్లీసెకన్లలో, మిగతాది అర సెకను నుంచి 5 సెకన్ల దాకా. ఎంత గట్టిగా, ఎంతసేపు అణిస్తే అంత నిదానంగా తేరుకుంటుంది. అది తేరుకునేలోపే మరో సిర్ర దెబ్బ పడుతుంది. చివరికి పెద్ద దెబ్బలు మిగిలి, సిటికెన పుల్ల పని అడుగున పడిపోతుంది.

బిల్ పుట్నమ్ 1967లో తెచ్చిన 1176 దీనికి పూర్తిగా తిరగబడ్డ రకం. ట్యూబులు పోయి ఎఫ్ఈటీ ట్రాన్సిస్టర్ వచ్చింది. పట్టుకునే సమయం, అంటే అటాక్, 20 మైక్రోసెకన్లు, అంటే సెకనులో 50 వేల వంతు. ఎంత నెమ్మదిగా పెట్టినా మిల్లీసెకను కూడా దాటదు. (నాబ్‌ను కుడివైపు తిప్పితే వేగం పెరుగుతుంది. కొత్తవాళ్లంతా ఒకసారి తడబడేది ఇక్కడే.) సిర్ర దెబ్బ అంచును అరగదీసి, వదిలే సమయాన్ని (రిలీజ్) 50 మిల్లీసెకన్లకు పెడితే వెంటనే వదిలేస్తుంది. అప్పుడు సిటికెన పుల్ల చిటపటలు పైకి లేస్తాయి, తుడుము ముందుకొస్తుంది. బాగుందనిపిస్తుంది కూడా. అయితే సిర్ర బరువు ఏదీ?

రెయిన్ నార్మా రూపకల్పన చేసిన ఫెయిర్‌చైల్డ్ 670 మరో దారి. ఇరవై ట్యూబులతో ముప్ఫై కిలోల దాకా తూగే ఈ యంత్రం గ్రామఫోను రికార్డు గాడి కోసేటప్పుడు శబ్దం అదుపు తప్పకుండా చూడటానికి వచ్చింది. దాని తమ్ముడు 660నే 1966లో బీటిల్స్ డ్రమ్ముల మీద వాడారు. శబ్దం పెరిగేకొద్దీ పట్టు కూడా పెరుగుతుంది గనుక అణిచివేత అంతగా తెలియదు. బృందం మొత్తానికి ఒక్క యంత్రమే పెట్టాల్సొస్తే నా ఓటు దీనికే. 1976 నాటి డీబీఎక్స్ 160కి అటాక్, రిలీజ్ నాబ్‌లే లేవు. సగటు జోరును కొలుస్తుంది కనుక దెబ్బ మొదలును వదిలి తోకను కోస్తుంది. విడిగా డప్పుకు చక్కగా కుదురుతుంది, పాటకు మొరటు.

ఏవి పోల్చినా బయటికొచ్చే లెవెల్ సమానం చేసి వినాలి. కాస్త గట్టిగా వినబడినదే చెవికి మేలుగా తోస్తుంది. పైగా ఫోటోసెల్లు, ట్యూబులు ముసలివైపోతాయి. ఒకే పేరున్న రెండు యంత్రాలు యాభై ఏళ్ల తర్వాత ఒకేలా పలకవు.

ధింసా దగ్గర ఇంకో మెలిక ఉంది. వరస వంకలు తిరుగుతూ మైకు దగ్గరికొచ్చి, మళ్లీ దూరమవుతుంది. అందెల చప్పుడు పెరిగి తగ్గడంలోనే ఆట ఎటు తిరుగుతోందో చెవికి తెలుస్తుంది. మొత్తం మిశ్రమం మీద గట్టిగా కంప్రెసర్ పెడితే డప్పు పడ్డప్పుడల్లా అందెలు కుంగి, తర్వాత ఉబుకుతాయి. దగ్గరా దూరమూ ఒకటైపోయి, తిరిగే వరస ఉన్నచోటే నిలబడి కాళ్లాడించినట్టు వినబడుతుంది. అందుకే పాటకు వేరే మైకు పెట్టి, దాని మీద ఎల్ఏ-2ఏతో మూడు డెసిబెల్స్ తగ్గిస్తే చాలంటాను. డప్పు మైకును నాలుగడుగులు వెనక్కి జరపాలి. మోరిని ముట్టుకోనక్కర్లేదు.