బ్లూ జేస్ నారుమడి

2025 అక్టోబర్ 29 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో, డాడ్జర్స్ సొంత మైదానంలో, బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఐదో ఆటలో, ట్రే యెసావేజ్ అనే ఇరవై రెండేళ్ల బ్లూ జేస్ కుర్రాడు 12 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్కరికి కూడా వాక్ ఇవ్వలేదు. వరల్డ్ సిరీస్‌లో అంతకుముందు ఏ కొత్త ఆటగాడూ అంతమందిని పంపలేదు. 1949 నుంచి డాన్ న్యూకోంబ్ పేరు మీద ఉన్న 11 స్ట్రైకౌట్ల రికార్డు ఆ రాత్రితో పోయింది. మర్నాడు పొద్దున అందరిదీ ఒకటే ప్రశ్న: ఎవడీ అబ్బాయి, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?

ఎక్కణ్ణుంచీ ఊడిపడలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో, సింగిల్ ఏ స్థాయిలో అతను మొదటిసారి బంతి పట్టినప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్లు మూడు వందల పైచిలుకు. డనీడిన్, వాంకూవర్, న్యూ హాంప్‌షైర్, బఫెలో, ఇలా ఒక్క వేసవిలో నాలుగు మెట్లూ ఎక్కి, 98 ఇన్నింగ్స్‌లో 160 స్ట్రైకౌట్లు మూటగట్టుకుని సెప్టెంబర్‌లో టొరంటో జట్టులోకి దిగాడు. టొరంటో బ్లూ జేస్ కింది జట్లను కనిపెట్టుకుని ఉండే మాలాంటి వాళ్లకు అతని చెయ్యి నెత్తిమీద నుంచి నిలువుగా రావడం, అంత ఎత్తునుంచి వచ్చిన స్ప్లిటర్ బ్యాటర్ ముందుకొచ్చేసరికి పాతాళానికి దిగిపోవడం వేసవి నడుమకే బాగా తెలుసు. లోకం ఆశ్చర్యపోయిన రాత్రి మేం గర్వపడ్డాం.

మూడు స్ట్రైకులకు బ్యాటర్ ఔటైతే స్ట్రైకౌట్. నాలుగు బంతులు బయట వేసి ఊరికే మొదటి బేస్ ఇచ్చేస్తే వాక్. ఈపాటి తెలిస్తే చాలు, మిగతాదంతా చూస్తూ ఉంటే వచ్చేస్తుంది.

మన క్రికెట్‌లో రంజీ ఆటగాడు తన రాష్ట్రానికి ఆడతాడు. బేస్‌బాల్‌లో అలా కాదు, కింది జట్ల కుర్రాళ్లందరూ పైజట్టు జీతగాళ్లే. బ్లూ జేస్‌కు డొమినికన్ రిపబ్లిక్‌లో పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల లీగ్‌లోనూ, ఫ్లోరిడాలో శిక్షణ కేంద్రంలోనూ జట్లు ఉన్నాయి. ఆపైన డనీడిన్‌లో సింగిల్ ఏ, వాంకూవర్‌లో హై ఏ, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో డబుల్ ఏ, బఫెలోలో ట్రిపుల్ ఏ. ఈ ఏర్పాటుకు ఆద్యుడు సెయింట్ లూయిస్ కార్డినల్స్ నడిపిన బ్రాంచ్ రికీ. డబ్బున్న జట్లతో పోటీపడి ఆటగాళ్లను కొనలేక, నారు పోసి తానే పెంచుకోవడం 1920ల్లో మొదలుపెట్టాడు. స్కౌట్లు ఆటగాడికి 20 నుంచి 80 దాకా మార్కులు వేసే పద్ధతి కూడా ఆయనదేనంటారు. చరిత్రకు ఇంత చాలు; అసలు పని ముందుంది.

ఆ పని చూడటం. కింది జట్ల ఆటను పై ఆటలా చూసేవాడికి ఏమీ అర్థం కాదు. ఎవరు గెలిచారన్నది ఇక్కడ ఆఖరి సంగతి. నేను మొదట చూసేది కుర్రాడి పుట్టిన తేదీ. పంతొమ్మిదేళ్లవాడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్ల మధ్య ఆడుతూ తట్టుకుంటే, వాడి సగటు ఎంత చిక్కినా వాడిమీద ఆశ వదలకూడదు. ఇరవై ఐదేళ్లవాడు పిల్లల మీద విరుచుకుపడితే చప్పట్లు కొట్టి ఊరుకోవాలి. తర్వాత చూసేవి స్ట్రైకౌట్లు, వాక్‌లు. సగటును గాలి మార్చేస్తుంది, ఫీల్డర్ తప్పు మార్చేస్తుంది. ఏ బంతి కొట్టాలో ఏది వదిలేయాలో తెలిసిన కన్ను మాత్రం ఏ ఊరు వెళ్లినా వెంట వస్తుంది. మైదానాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. వాంకూవర్‌లో 1951 నుంచి ఉన్న నాట్ బెయిలీ స్టేడియంలో చల్లటి సాయంత్రాలు బంతి దూరం పోదు. అక్కడ కంచె దగ్గర క్యాచ్‌గా దొరికిపోయిన బంతి ఫ్లోరిడా ఎండలో హోమ్ రన్ అయ్యేదే.

అంకెలకు దొరకనివి ఇంకా ఉన్నాయి. రెండు స్ట్రైకులు పడ్డాక వంపు తిరిగి బయటికి పోయే బంతిని బ్యాటర్ ఎలా వదిలేశాడు? భుజం కదిలిందా, మోకాలే కదిలిందా, అసలు కదల్లేదా? బంతి పడకముందే షార్ట్‌స్టాప్ పాదాలు లేచి ఉన్నాయా? బేస్ మీద మనిషి నిలబడ్డాక పిచర్ చేతి వేగం తగ్గిందా? ఒక్కోసారి కోచ్ ముందే చెప్పి పంపుతాడు, ఈ రోజు వేగం తగ్గించి వేసే ఛేంజప్ తప్ప ఇంకేమీ వేయొద్దని. ఆ రోజు కుర్రాడికి ఆరు పరుగులు పడతాయి, స్కోర్‌కార్డు చూసినవాడు పెదవి విరుస్తాడు. ఆ ఆరు పరుగుల వెనక నేర్చుకున్న బంతి రెండేళ్ల తర్వాత న్యూయార్క్ యాంకీస్ నోరు మూయిస్తుంది. ఇక అసలు వడపోత డబుల్ ఏ దగ్గర. వట్టి వేగంతో నెట్టుకొచ్చినవాళ్లు అక్కడ ఆగిపోతారు.

చూడటంలో ఆరితేరినవాళ్ల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఎపీ గెరేరో అనే డొమినికన్ స్కౌట్, సాన్ పెడ్రో దె మకోరిస్‌లో మోకాలి బాధతో కుంటే ఒక పిల్లవాణ్ణి చూశాడు. మిగతా జట్ల వాళ్లు ఆ కుంటు చూసి వెళ్లిపోయారు. గెరేరో వాడి చేతులు చూశాడు. ఆపరేషన్ చేయించి, 1979లో బ్లూ జేస్‌కు సంతకం చేయించాడు. ఆ పిల్లవాడు టోనీ ఫెర్నాండెజ్. 1986 నుంచి ఫీల్డింగ్‌కు వరుసగా నాలుగు గోల్డ్ గ్లవ్‌లు. పాల డబ్బాలు కోసి గ్లవ్‌లు చేసుకుని ఆడిన వీధుల్లోంచి వచ్చాడని అంటారు; గాల్లోకి లేచి నడుము మెలితిప్పి మొదటి బేస్‌కు అతను విసిరే తీరు చూస్తే నమ్మబుద్ధేస్తుంది. అదే కాలంలో జట్టును నడిపిన పాట్ గిల్లిక్, ఫిలడెల్ఫియా వాళ్లు కాపాడుకోకుండా వదిలేసిన జార్జ్ బెల్‌ను 1980 రూల్ ఫైవ్ డ్రాఫ్ట్‌లో దాదాపు ఊరికే పట్టుకొచ్చాడు. ఏడేళ్లకు అమెరికన్ లీగ్ ఎంవీపీ ఆ బెల్లే.

వీటన్నిటికంటే పెద్ద పని రాయ్ హాలడే విషయంలో జరిగింది. 1998లో తన రెండో ఆటలోనే, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక, ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే ఒక్క హిట్టూ ఇవ్వని నో హిట్టర్ పూర్తవుతుందనగా హోమ్ రన్ ఇచ్చి చేజార్చుకున్న కుర్రాడు. రెండేళ్లు తిరిగేసరికి అతను ఇచ్చిన పరుగుల సగటు 10.64. ఒక ఏడాదిలో 50 ఇన్నింగ్స్ పైన వేసిన పిచర్లలో అంత ఘోరం ఇంకెవరికీ లేదు. ఇంకో జట్టైతే అమ్మేసేది. 2001లో బ్లూ జేస్ అతన్ని బాగా కిందికి, డనీడిన్‌కు పంపి, తర్వాత మెల్ క్వీన్ అనే ముసలి కోచ్ చేతిలో పెట్టింది. క్వీన్ తియ్యగా మాట్లాడే రకం కాదు, మొదట నోటికొచ్చినట్టు తిట్టాడట. ఆపైన చెయ్యి కిందికి దించి, పక్కనుంచి వచ్చేలా కోణం మార్చాడు. నిటారుగా దూసుకుపోయే బంతి మానిపించి, చివర్లో ఓ పక్కకు జారే సింకర్, ఇంకో పక్కకు కోసుకుపోయే కట్టర్ పట్టించాడు. కొన్ని వారాల్లో మనిషినే మార్చాడనుకోండి. ఆ జూలైకల్లా హాలడే పైకొచ్చాడు. 2003లో 22 విజయాలు, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు. 2019లో, కన్నుమూసిన రెండేళ్లకు, హాల్ ఆఫ్ ఫేమ్. ఆ గోడమీద ఫలకం హాలడేది. నా లెక్కలో అందులో సగం మెల్ క్వీన్‌ది, ఎవరు ఏమన్నా సరే.

వ్లాదిమిర్ గెరేరో జూనియర్ 2018లో న్యూ హాంప్‌షైర్‌లో .402 కొట్టిన వేసవి గురించి రాయడం మొదలెడితే పేజీలు చాలవు. అలెహాండ్రో కిర్క్‌ది నాకు అంతకన్నా ఇష్టమైన కథ. తిహువానా పిల్లవాడు, ఐదడుగుల ఎనిమిదంగుళాల గుమ్మటం. 2016లో 30,000 డాలర్లకు సంతకం చేశాడు. ఆ ఆకారం చూసి నవ్వినవాళ్లు ఎందరో. వాడి వాక్‌లు స్ట్రైకౌట్ల కంటే ఎక్కువని గమనించినవాళ్లు తక్కువ. డబుల్ ఏ, ట్రిపుల్ ఏ గడప తొక్కకుండానే 2020 సెప్టెంబర్‌లో టొరంటోకు ఆడాడు. (2025 వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో కిర్క్ ఆడిన చివరి బంతి గురించి దయచేసి నన్ను అడక్కండి.)

ఇక మనవాడి సంగతి. అర్జున్ నిమ్మల. తల్లిదండ్రులు భారతదేశం నుంచి అమెరికా వెళ్లినవాళ్లు, ఇంటిపేరు చూస్తే వేరే చెప్పక్కర్లేదు. జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2023 మొదటి రౌండ్‌లో, ఇరవయ్యో పేరుగా బ్లూ జేస్ పిలిచినప్పటికి అతనికి పద్దెనిమిది నిండలేదు. 30 లక్షల డాలర్ల సంతకం. మరుసటి ఏడాది డనీడిన్‌లో బంతి తగలక అవస్థ పడితే, నెలరోజులు ఆటలు ఆపించి శిక్షణ కేంద్రంలో స్వింగ్ సరిచేశారు. తిరిగొచ్చి ఎడాపెడా హోమ్ రన్లు కొట్టాడు. 2025 అంతా వాంకూవర్‌లో, సగటు .230 కిందే. అది చూసి మనవాళ్లే కొందరు చేతులెత్తేశారు. పంతొమ్మిదేళ్లకు హై ఏలో ఏడాది పొడుగునా షార్ట్‌స్టాప్ ఆడటమంటే ఏమిటో వాళ్లకు తెలియదు, అంతే.

ఈ ఇష్టంలో కడుపుకోతా ఉంది. మనం పసితనం నుంచి చూసిన కుర్రాణ్ణి జట్టు అమ్మేసుకుంటుంది. 2000లో మైకేల్ యంగ్‌ను ఇచ్చి ఎస్టెబాన్ లోయైజాను తెచ్చుకున్నారు. యంగ్ తర్వాత టెక్సస్‌లో రెండు వేలకు పైగా హిట్లు కొట్టాడు. 2012లో ఆర్.ఏ. డిక్కీ కోసం నోవా సిండర్‌గార్డ్‌ను న్యూయార్క్ మెట్స్‌కు పంపారు, మూడేళ్లకు అతను వరల్డ్ సిరీస్‌లో పిచ్ చేశాడు. 2015లో డేవిడ్ ప్రైస్‌ను, ట్రాయ్ తులోవిట్స్కీని తేవడానికి సగం నారుమడి పీకేశారు. ఇరవై రెండేళ్ల తర్వాత ప్లేఆఫ్స్ చూశాం కాబట్టి దాన్ని మాత్రం క్షమించాను.

ఇన్ని చెప్పాక కోపం కూడా చెప్పాలి. 2021లో మేజర్ లీగ్ పెద్దలు కింది జట్లను 160 నుంచి 120కి కోసేశారు. పొదుపట, సౌకర్యమట! వెస్ట్ వర్జీనియా సరిహద్దు కొండల్లో బ్లూఫీల్డ్ అనే చిన్న ఊరుంది. అక్కడ బ్లూ జేస్ రూకీ జట్టు ఉండేది, అదీ పోయింది. లీగ్ పేరు అలాగే ఉంచి, అదే మైదానంలో వేసవి సెలవుల్లో జీతంలేని కాలేజీ కుర్రాళ్లను ఆడించడం మొదలెట్టారు. ఆ పిల్లల తప్పేమీ లేదు. కానీ ఏ జట్టుకూ చెందని, పైకి ఏ మెట్టూ లేని ఆటను చూపించి, మీకు తగ్గిందేమీ లేదని ఆ ఊరికి చెప్పడం మోసం. నలభై ఊళ్లకు వేసవి సాయంత్రాలు తీసేసి, మిగిలిన జట్లలో నలభైకి పైగా ఒకే పెట్టుబడి సంస్థ చేతిలోకి వెళుతుంటే చోద్యం చూస్తున్నారు.

అంతకంటే అన్యాయం డ్రాఫ్ట్‌ది. ఒకప్పుడు 40 రౌండ్లు, అంతకుముందు ఇంకా ఎక్కువ. 2021 నుంచి ఇరవయ్యే. సెంటర్ ఫీల్డ్‌లో గాల్లో పడుకుని క్యాచ్‌లు పట్టి సూపర్‌మ్యాన్ అనిపించుకున్న కెవిన్ పిల్లార్ 2011లో 32వ రౌండ్. గోల్డ్ గ్లవ్‌లు గెలిచిన ఓర్లాండో హడ్సన్ 1997లో 43వ రౌండ్. 2023 ఆగస్టులో బోస్టన్‌లో మొదటిసారి బ్యాట్ పట్టగానే హోమ్ రన్ కొట్టి, మొదటి మూడు ఆటల్లో తొమ్మిది హిట్లు కొట్టిన డేవిస్ ష్నైడర్ 2017లో 28వ రౌండ్, ఆరేళ్లు కింది జట్ల బస్సుల్లో తిరిగినవాడు. నేటి లెక్కన ఈ ముగ్గురి పేరూ డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవరు. ఆలస్యంగా పక్వానికొచ్చేవాణ్ణి కనిపెట్టడం ఈ విద్యలోకెల్లా కష్టమైన భాగం. దాన్నే కత్తిరించి పారేశారు.

ఒక మంచి కూడా జరిగింది, దాచను. సింగిల్ ఏ కుర్రాడికి ఏడాదికి 11,000 డాలర్లు ఇచ్చి ఆకలితో ఆడించేవారు. 2022లో వాళ్లు యూనియన్‌లో చేరాక, 2023 ఒప్పందంతో అది 26,200 అయింది. మిగతా జట్ల కంటే ముందే, 2019లోనే సగానికి సగం జీతాలు పెంచిన జట్టు మాదే. ఈ మాట నేను చెప్పకపోతే డాడ్జర్స్ అభిమానులు చెబుతారా?

చూసేవాళ్లలోనూ చవకబారుతనం పెరిగింది. ఒక్క ఆట కూడా పూర్తిగా చూడకుండా వంద మంది పేర్లకు వరుస సంఖ్యలు వేస్తారు. పది సెకన్ల వీడియోలో ఒక హోమ్ రన్ చూసి కాబోయే మహానుభావుడంటారు, వారం తిరిగేసరికి పనికిరాడంటారు. ఆటగాడి కార్డుల మీద సంతకాలు చేయించుకుని అమ్ముకునే బేరగాళ్లు గేటు దగ్గర మూగి, చిన్నపిల్లలను వెనక్కి నెట్టి, మొదటి బంతి పడకముందే వెళ్లిపోతారు. వీళ్లకు ఎదుగుతున్న కుర్రాడు ఒక సరుకు. నాలుగేళ్లు ఒకణ్ణే చూస్తే వాడి మోచేయి ఒక అంగుళం కిందికి దిగిందని ఎలా తెలుస్తుందో వీళ్లకెవరు చెప్పాలి?

మనవాళ్లకు ఒక మనవి. వాంకూవర్‌లో, టాంపా చుట్టుపక్కల, బోస్టన్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. టాంపా నుంచి డనీడిన్ దగ్గరే. బోస్టన్ నుంచి మాంచెస్టర్‌కు కారులో గంట. పై లీగ్ టికెట్‌లో చిన్న వంతుకే ఆటగాళ్ల మాటలు వినపడేంత దగ్గర సీటు దొరుకుతుంది. వాంకూవర్ తర్వాతి మెట్టు మాంచెస్టరే. నిమ్మల అర్జున్ అక్కడ ఆడే రోజున పిల్లల్ని తీసుకుని వెళ్లండి, ఆట మొదలవడానికి గంట ముందే వెళ్లండి, ఫోన్లు జేబులో పెట్టి అతని పాదాలు చూడండి.