వానకు పోయే ఎరుపు

కుల్చారంలో మట్టిగోడల ఇండ్లు మిగిలినచోట పండుగ ముందు గోడకు సున్నం, అడుగున మూరెడు మేర జాజు వేస్తారు. అంగడి నుంచి తెచ్చిన ఆ ఎర్రమన్నును నేనూ నానబెట్టి, గంజి కలిపి, పాతగుడ్డతో పూశాను. కలియబెట్టడం ఆపితే చాలు, అడుగుకు దిగిపోతుంది. అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ చూసి, "వానకు పోతది బిడ్డా, ఎండకు పోదు" అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. జాజు ఎరుపంతా ఇనుముది. ఆ ఇనుము అప్పటికే ప్రాణవాయువుతో పూర్తిగా కలిసిపోయింది కనుక ఎండకు ఇంకా మారేందుకు ఏమీ లేదు. కొట్టుకుపోయేది జిగురు, దాంతోపాటే మన్నూ జారుతుంది. వాన తగలని కొండచరియల కింద, భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టలో ఆదిమానవులు గీసిన ఎర్రని బొమ్మలు నేటికీ నిలిచి ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో ఇంకా వెనకటి ఆనవాలు దొరికింది: సుమారు 1,00,000 ఏళ్ల కింద ఎర్రమన్ను నూరి కలిపిన గుల్లలు. పసుపుపచ్చని మన్నును కాల్చితే అందులోని నీరు పోయి ఎరుపెక్కుతుంది. ఈ సంగతి మనిషికి పొయ్యి దగ్గరే తెలిసి ఉంటుందని నా నమ్మకం.

చేర్యాల నకాషీ చిత్రకారులు పటం నేలకు వాడిన ఎరుపు వేరు. అది ఇంగిలీకం, పాదరసమూ గంధకమూ కలిసిన రాయి. జాజు కన్నా ఎంతో కాంతివంతమైనది, నిజమే. కానీ నూరే చేతికి విషం, పైగా ఎక్కువకాలం వెలుతురు తగిలితే నల్లబడే గుణముంది. అందానికి అది మేలైనా, నా మనసు జాజు వైపే.

రంగు నిలిచే మరో దారి దగ్గర్లోని మెదక్ చర్చిలో కనిపిస్తుంది. దాన్ని 1924లో ప్రారంభించారు. ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన అక్కడి రంగుగాజు కిటికీల ముందు నిలబడితే జిగురు గొడవే లేని రంగు కనిపిస్తుంది. గాజు కరిగేటప్పుడే లోహాలు కలుపుతారు, రంగు గాజులోనే ఉండిపోతుంది.

మట్టిగోడకు ఆ భాగ్యం లేదు. అలాగని ఎనామిల్ పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పొక్కులు లేస్తాయి. జాజు చెమ్మను ఆపదు. వచ్చే పండుగకు గంజి బదులు తుమ్మబంక కలుపుదామన్నాను. "గట్టిగ పట్టుకుంటే మల్లెట్ల అలుకుతవు?" అని పెద్దమ్మ అడ్డుపడింది. ముందు వెనకగోడ మీద జానెడు మేర పూసి చూద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం.