క్రీస్తు కథయా, క్రీస్తు చరిత్రయా? – తెలుగు క్రైస్తవ సాహిత్యమున సత్యవిచారము

అల్లసాని పెద్దన మనుచరిత్రమును చదువువాడు ప్రవరుడు నిజముగా హిమవత్పర్వతమునకు బోయెనా యని యడుగడు. పాదలేపము మంచునకు గరగిపోవుట సంభవమా యని తర్కింపడు. ప్రవరుడను బ్రాహ్మణు డెన్నడును పుట్టలేదని యొకడు నిరూపించినను ఆ ప్రబంధమునకు వచ్చు లోపము లేదు. కావ్యమునకు గావలసినవి ఔచిత్యమును రసపోషణమును. అది జరిగినదా లేదా యను విచారణ కావ్యమునకు వెలుపలిది.

గుఱ్ఱం జాషువ రచించిన క్రీస్తు చరిత్రను గూర్చి యిదే మాట చెప్పవచ్చునా? 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన యీ పద్యకావ్యమును శైలిని బట్టియు రసమును బట్టియు మాత్రమే తూచుట మనకు సులభము. ఆ కొలత చాలదని యీ వ్యాసమున నిరూపింప యత్నించెదను. క్రైస్తవ విశ్వాసమునకు సత్యము అలంకారము గాదు, ఆధారము. ఆ సత్యము అందరికిని ఒక్కటియై యుండవలెను. మనుష్యునకు దెలియదగినదియు గావలెను. ఈ రెండు లక్షణములలో నేది లోపించినను మిగులునది మంచి కావ్యము కావచ్చును గాని విశ్వాసము గాదు.

మొదట పదములను విచారింతము. 'చరిత్ర' యను పేరు ఈ చర్చను దీర్పజాలదు. పెద్దన ప్రబంధమును చరిత్రయే, పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రయు చరిత్రయే, నేడు పాఠశాలలలో దేదీలతో బోధించు దేశచరిత్రయు చరిత్రయే. మన భాష కల్పితమును, భక్తుల జీవితమును, జరిగిన వృత్తాంతమును ఒక్క పదముతోనే పిలిచినది. కనుక పేరును విడిచి లోపలి వాదమును జూడవలెను.

'సత్యము' అను మాట 'సత్' నుండి పుట్టినది, ఉన్నదానిని దెలుపునది. 'నిజము' అను మాట సంస్కృతమున 'తనది, స్వకీయమైనది' అను నర్థము గలది. తెలుగున యథార్థమను నర్థమున స్థిరపడినది. 'ఎవరి నిజము వారిది' యని నేడు తఱచుగా వినబడు వాక్యము ఆ పదమును దాని పాత యర్థమునకు మరల లాగుచున్నట్లున్నది. హెబ్రీ భాషలో సత్యమునకు 'ఎమెత్' అని పేరు. స్థిరత్వము, నమ్మి భారము మోపదగినతనము అను భావము దానిలో గలదు. ప్రార్థనాంతమున తెలుగు క్రైస్తవులు పలుకు 'ఆమేన్' ఆ ధాతువునుండి వచ్చినదే. అనగా మన దేవాలయములలో రెండు సంప్రదాయముల పదములు కలిసి వినబడుచున్నవి: ఉన్నది యని చెప్పు 'సత్యము', దానిపై నిలువవచ్చునని చెప్పు 'ఆమేన్'. ఉన్నదని తెలియనిదానిపై నెవడును భారము మోపడు. ఇది పదవ్యుత్పత్తి మాత్రమే గాదు. క్రైస్తవ వాదమంతయు దీనియందే యిమిడియున్నది.

ఈ వాదమును మొదట చెప్పినవాడు పౌలు. సుమారు క్రీ.శ. 55 ప్రాంతమున కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక పదునైదవ అధ్యాయములో, క్రీస్తు మృతులలోనుండి లేవకపోయినయెడల తన బోధయు వినువారి విశ్వాసమును వ్యర్థములే యని యతడు నిస్సంకోచముగా నొప్పుకొనెను. అంతేగాక, లేచినవానిని జూచినవారిని బేర్కొని, వారిలో బెక్కుమంది యింకను జీవించియున్నారని తెలిపెను. పోయి విచారించుకొనుడని దాని భావము. తన విశ్వాసము అబద్ధమగుటకు గల మార్గమును దానే చూపినవా డితడు. అబద్ధము గాగల వాక్యమే సత్యమును గాగలదు. ఏమి జరిగినను చెడని వాక్యము ఏమియు చెప్పని వాక్యమే. పౌలు తన మతమును గండముననే నిలిపెను. ఆ గండమును దొలగించి దానిని కాపాడవలెనని చూచు నేటి మిత్రులు, తెలియకయే దాని ప్రాణమును దీయుచున్నారు.

విశ్వాసమును సంగ్రహించి చెప్పు వాక్యములకు మన సంఘములలో 'విశ్వాస ప్రమాణము' అని పేరు. అందు సృష్టికర్త యగు దేవుని ప్రక్కన ఒక రోమా ప్రభుత్వోద్యోగి పేరు గలదు: పొంతి పిలాతు. ఇతడు భక్తుడు గాడు, ఋషి గాడు; క్రీ.శ. 26 మొదలు 36 వరకు యూదయను బాలించిన అధికారి. ప్రార్థనలో నితని పేరెందుకు? కాలమును గుర్తించుటకు. 'ఒకానొక కాలమున' అని గాక, ఫలానా యధికారి దినములలో నని చెప్పుటకు. రోమా చరిత్రకారుడు టాసిటస్ రెండవ శతాబ్ది ప్రారంభమున, తిబెరియ చక్రవర్తి కాలములో పిలాతు క్రీస్తును మరణశిక్షకు లోనుచేసెనని వ్రాసెను. 1961లో కైసరయ శిథిలములలో పిలాతు పేరుగల లాటిను శిలాఖండము బయల్పడెను. ఆ రాయి పునరుత్థానమును నిరూపింపదు. అట్లు చెప్పుట యతిశయోక్తి. కాని యీ కథ త్రవ్వి చూడదగిన భూమిపై నిలిచియున్నదని మాత్రము అది తెలుపును.

అయినచో పునరుత్థానము వంటిది తెలియుట యెట్లు? ఇచట మన తర్కశాస్త్రమే తోడ్పడును. ఆంధ్రుడని ప్రసిద్ధి గన్న అన్నంభట్టు తన తర్కసంగ్రహమున నాలుగు ప్రమాణములను జెప్పెను: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. శబ్దప్రమాణమనగా ఆప్తుని వాక్యము. ఉన్నది యున్నట్లు పలుకువాడు ఆప్తుడు. గడచిన కాలమును గూర్చి మన జ్ఞానమంతయు నించుమించుగా దీనిపైననే నిలిచియున్నది. కృష్ణదేవరాయలను మనమెవరమును జూడలేదు. శాసనములను, ఆ కాలపు విదేశీయుల వ్రాతలను నమ్మి యెఱుగుదుము. సువార్తలును తమను సాక్ష్యములుగానే చెప్పుకొనుచున్నవి. లూకా తన గ్రంథారంభముననే ప్రత్యక్షసాక్షుల మాటలను బరిశీలించి క్రమముగా వ్రాయుచున్నానని తెలుపును. కనుక క్రైస్తవుడు 'నాకట్లు తోచినది' యని చెప్పి తప్పించుకొనరాదు. సాక్షులు ఆప్తులా కాదా యను విచారణకు లోబడవలెను. నమ్మనివాడును 'అది మీ యనుభూతి' యని మర్యాదగా ద్రోసివేయరాదు. ఆ సాక్ష్యము నెందుకు త్రోసిపుచ్చుచున్నాడో కారణము చెప్పవలెను. ఇరువురకును ఇది గౌరవమే.

దీనికి బలమైన ప్రతివాదము మన దేశముననే గలదు. 1931 డిసెంబరు 25న, ఇంగ్లాండునుండి తిరిగివచ్చుచు ఓడపై చేసిన ప్రసంగములో గాంధీమహాత్ముడు, చరిత్రలోని యేసునందు తన కాసక్తి లేదనియు, అట్టి మనుష్యుడు జీవింపనే లేదని యెవరైన నిరూపించినను కొండమీది ప్రసంగము తనకు సత్యముగానే యుండుననియు జెప్పెను. ఈ మాటను తేలికగా ద్రోసివేయరాదు. కొండమీది ప్రసంగమును గాంధీజీవలె ఆచరణలో బెట్టిన క్రైస్తవు లెందఱు? అహింస, శత్రుప్రేమ సత్యములగుటకు వానిని జెప్పినవాడు పుట్టియుండవలెనా? ధర్మోపదేశము వఱకు గాంధీజీ మాట సరియైనదే. గణితసూత్రమునకు దానిని గనుగొన్నవాని జన్మపత్రిక యక్కరలేదు.

కాని సువార్త ఉపదేశము మాత్రమే గాదు, వార్త. 'సువార్త' యను తెలుగు మాటయే యీ భేదమును జెప్పుచున్నది. శత్రువును ప్రేమింపుమనునది ఉపదేశము. దేవుడు తన శత్రువులను ప్రేమించి తానే శిలువకు లోనయ్యెననునది వార్త. ఉపదేశము మనము చేయవలసినదానిని దెలుపును; వార్త జరిగినదానిని దెలుపును. జరుగని వార్త యెంత యందముగా నున్నను వార్త గాదు. అప్పు తీరినదని ఋణగ్రస్తునకు వచ్చిన యుత్తరమున శైలిని మెచ్చుకొని, అది నిజమైనను కాకపోయినను నాకొకటే యనువాడు ఋణమనిన నేమో యెఱుగనివాడే.

అలంకారశాస్త్రదృష్టితోను ఈ భేదమును జూపవచ్చును. రసనిష్పత్తికి సాధారణీకరణము అవసరమని భట్టనాయకుడు చెప్పెను. సీతాశోకము సీత యొక్కతెదిగా నున్నంతకాలము రసము గాదు. వ్యక్తి, దేశము, కాలము అను పరిమితులు కరగి సర్వజన శోకమైనపుడే సహృదయుడు దాని నాస్వాదించును. ఇది కావ్యమునకు సరియైన సూత్రము. కాని శిలువవృత్తాంతమును పూర్తిగా సాధారణీకరించినచో నేమి మిగులును? నిరపరాధి బాధపడుట యను సామాన్యభావము. అది కరుణరసమునకు జాలును, విశ్వాసమునకు జాలదు. ఈ వ్యక్తి, ఈ నగరము, ఈ యధికారి, ఈ దినము అను విశేషములు కరగరాదు. క్రీస్తును గూర్చి కావ్యము వ్రాయు తెలుగుకవి యెదుర్కొను నసలు కష్టమిది: రసమునకై కరగింపవలెను, సత్యమునకై నిలుపవలెను. జాషువ కావ్యమును ఈ ద్వంద్వమున నిలిపి చదివినప్పుడే ఆయన సాధించినదేమో తెలియును. రసము నొకదానినే చూచుట సగము చదువుట.

మన క్రైస్తవ వాఙ్మయ చరిత్రయు దీనికి సాక్షి. బెంజమిన్ షుల్జ్ పదునెనిమిదవ శతాబ్దిలోనే బైబిలును తెనిగించెను. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెగ్రాంజస్ అను మిషనరీలు ఆనందరాయని సహాయముతో సువార్తలను తెనిగింప బూనిరి. మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. అప్పటికి వారిరువురును గతించిరి. భావముమాత్రమే చాలునన్నచో వీరు మాటమాటకు నింత పోరాడనక్కరలేదు. బ్రాహ్మణ కుటుంబమున జన్మించి 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి రాగతాళములతో తెలుగు కీర్తనలు రచించి నేటికిని సంఘములచే బాడబడుచున్నాడు. ఆయనయే 'కులాచార పరీక్ష' యను పేరుతో గ్రంథమును వ్రాసెను. పాటయు పరీక్షయు నొక్క చేతినుండియే వెలువడుట గమనింపదగినది. పరీక్షకు నిలువని దానిని ఆయన పాడలేదు.

జాషువ విషయమున మఱియొక మాట. ఆయన మతసిద్ధాంతముల కవి గాడు. 1941 నాటి గబ్బిలములో అంటరానివాని విన్నపమును శివునికే పంపెను. అట్టి యుదారునకు నిరపేక్ష సత్యముతో పని యేమని యడుగవచ్చును. గబ్బిలము అడుగు న్యాయమును జూడుడు. సత్యము ఆయా సమాజముల యాచారమే యైనచో అస్పృశ్యతయు ఒక సమాజమున కొక సత్యమే. దానిని దప్పని యెవడు చెప్పును? ఆచారమునకు పైన, అందఱకు నొక్కటియై, సామాన్యునకు సైతము దెలియదగిన సత్యము గలదను నమ్మకము లేనిదే ఆ విన్నపమునకు అర్థము లేదు. బలవంతునకు సత్యము లేకున్నను గడచును. బలము లేనివానికి మిగిలిన దిక్కు అదియే.

నిరపేక్ష సత్యము తెలియునన్నవారు పరులను బాధింతురను భయము నిరాధారము గాదు. గోవాలో 1560లో స్థాపితమై 1812 వఱకు నడచిన మతవిచారణ సభ మన సమీపమునందలి యుదాహరణమే. కాని ఆ దోషము సత్యము గలదనుటలో లేదు. సత్యము మాచేతిలో సంపూర్ణముగా నున్నదనుటలో నున్నది. తెలియదగినదనుట వేఱు, అంతయు దెలిసినదనుట వేఱు. తన జ్ఞానము అద్దములో మసకగా జూచుటవంటిదని పౌలే యొప్పుకొనెను. మసకగా గనబడువాని ముఖము లేదని గాని, తలకొక ముఖమని గాని ఆయన యనలేదు. సత్యమేమని యడిగిన పిలాతు ప్రత్యుత్తరమునకై నిలువలేదు. శిక్షాధికారము మాత్రము ఆయన చేతిలోనే యుండెను. సత్యమునకు సాక్షినని చెప్పినవాడు ఎవరిని నిర్బంధింపక తానే శిక్ష ననుభవించెను. సత్యమును నమ్ముచు నిర్బంధించువాడు ఈ ఘట్టములో నెవరి ప్రక్కన నిలిచెనో తానే చూచుకొనవలెను.

మన బెంగుళూరు ఈ చర్చకు గ్రొత్తది గాదు. 1957లో ఇచట స్థాపితమైన క్రైస్తవ మత సమాజ అధ్యయన సంస్థకు నాయకత్వము వహించిన పి. డి. దేవనందన్, అన్యమతస్థులతో సంభాషణమునకు బాటలు వేసెను. దక్షిణభారత సంఘమున బిషప్పుగా మధురలోను చెన్నపట్టణములోను పనిచేసిన లెస్లీ న్యూబిగిన్, సువార్త యింటిలో దాచుకొను నభిప్రాయము గాదనియు, నలుగురి నడుమ నిలువవలసిన బహిరంగ సత్యమనియు వాదించెను. సంభాషణము, సత్యము అను నీ రెండును విరోధులని తోచును గాని కావు. సత్యమొకటి లేకున్నచో ఇరువురు కూర్చుండి మాటాడుటకు విషయమే లేదు. రుచులను జెప్పుకొని లేచిపోవుటయే.

వర్తూరు వంటి యూళ్లలో కన్నడము, తెలుగు, తమిళము, ఉర్దూ మాటాడువారి యిండ్లు ప్రక్కప్రక్కననే యున్నవి, మతములును అట్లే. ఇచట తెలుగు బోధించువానిని బిల్లలు పాఠమునకు బాఠమునకు 'ఇది నిజమా, కథయా?' యని యడుగుచునే యుందురు. ప్రవరుని గూర్చి యడిగినచో కథయే యని నవ్వుచు జెప్పవచ్చును. రాయలను గూర్చి యడిగినచో శాసనమును జూపవచ్చును. క్రీస్తును గూర్చి యడిగినచో, 'నమ్మినవారికి నిజము, నమ్మనివారికి కథ' యనుట శాంతికరముగా దోచును గాని, అది ప్రశ్నకు సమాధానము గాదు, ప్రశ్నను ఆపుట. అది జరిగినదని కొందఱు సాక్ష్యమిచ్చిరి. ఆ సాక్ష్యము నమ్మదగినదో కాదో విచారింపవలసిన భారము ప్రతివానిపైనను గలదు అనునదే యథార్థమైన సమాధానము. ఏ మతపు బిడ్డకైనను ఆ మాట చెప్పవచ్చును. అది యెవరిని నిర్బంధింపదు, ఎవరిని మభ్యపెట్టదు.

కావున క్రీస్తు చరిత్రను జదువు విమర్శకుడు రెండు ప్రశ్నల నడుగవలెను: ఇది సుందరమా? ఇది సత్యమా? మొదటిదానికి అలంకారశాస్త్రము ప్రత్యుత్తరమిచ్చును. రెండవదానిని ఆ కథయే మనల నడుగుచున్నది. దానిని వినకుండ మొదటిదానితో దృప్తినొందుట కావ్యమునకు మర్యాద గాదు, విశ్వాసమునకు అంతకంటెను గాదు.