హెర్మయొనీకి మంత్రం ఎక్కడిది?

ఫాంటసీ రాస్తున్నామంటూ వచ్చే కుర్రకారును నేను మొదట అడిగేది ఒకటే: మీ లోకంలో మంత్రశక్తి ఎవరికి వస్తుంది? ‘వంశపారంపర్యంగా వస్తుందండీ’ అని ఠక్కున చెప్పేస్తారు. చిక్కంతా అక్కడే.

హ్యారీ పాటర్ సంగతే చూడండి. అందులో మంత్రశక్తి అంతర్గత లక్షణమని, తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు అందితేనే బయటపడుతుందని 2005లో ‘నేచర్’ పత్రికకు ముగ్గురు పరిశోధకులు లేఖ రాశారు. అందులోని చిన్నారి మంత్రగత్తె హెర్మయొనీ వరకు బాగానే ఉంది. మంత్రం రాని పళ్ల డాక్టర్లయిన అమ్మానాన్నల్లో అది చెరోటి దాగి ఉందనుకోవచ్చు. మరి మంత్రగాళ్ల ఇంట పుట్టి కూడా మంత్రం అబ్బని ఫిల్చ్? ఈ లెక్కన అతను పుట్టకూడదు. రచయిత్రి రౌలింగేమో అది బహిర్గత లక్షణమన్నారు, అంటే ఒక్కరి నుంచి అందినా చాలు. ఇప్పుడు ఫిల్చ్ కుదిరాడు, హెర్మయొనీ కుదరలేదు. ఆమె పూర్వీకుల్లో ఫిల్చ్ లాంటివాళ్లు ఎవరో ఉండి ఉంటారని సర్దిచెప్పారు. ఫిల్చ్ దగ్గరే లేని జన్యువును మునిమనవలకు ఎలా ఇస్తాడు? పదో తరగతి జీవశాస్త్రానికే నిలవని వాదన.

అయినా సరే, నాకు ఫిల్చే కావాలి. రెండో పుస్తకంలో అతని గదిలో ఒక కవరు హ్యారీ కంటపడుతుంది. పోస్టులో మంత్రాలు నేర్పే కోర్సు తాలూకు కవరు. పదకొండేళ్ల పిల్లలు మంత్రదండాలు ఊపుతూ తిరిగే బడిలో కాపలా ఉద్యోగం చేస్తూ, ఆ వయసులో, ఎవరికీ తెలియకుండా ఓనమాలు దిద్దాలని చూస్తున్నాడు! పిల్లలంటే అతనికి అంత కడుపుమంట ఎందుకో ఆ ఒక్క కవరు చెప్పేస్తుంది. ఏ జన్యుసూత్రమూ చెప్పలేదు.

మన జానపదాల్లో ఈ రక్తం గొడవ తక్కువ. ‘పాతాళభైరవి’ సినిమాలో నేపాళ మాంత్రికుడి శక్తి తాతలిచ్చింది కాదు, సాధన చేసి సంపాదించింది. కోరికలు తీర్చే పాతాళభైరవి బొమ్మ చివరికి దక్కింది తోటమాలి కొడుకు తోట రాముడికి. (పుట్టుమచ్చ చూసి రాకుమారుణ్ని పోల్చుకునే కథలు మనకూ కొల్లలే లెండి. అక్కడ వారసత్వంగా వచ్చేది సింహాసనం, మంత్రం కాదు.) మంత్రాన్ని రక్తంలో పెట్టారంటే దాని వెనకే కులమూ వచ్చి కూర్చుంటుంది. రౌలింగ్ కథలో శుద్ధరక్తం పిచ్చి పుట్టింది అందుకే.

కాబట్టి వంశవృక్షం గీసుకోండి, కాదనను. అందులో శక్తి రాని ఒక్కడికి పేరు పెట్టి, మొదటి అధ్యాయం అతని మీద రాసి పంపండి. మిగతాది తర్వాత చదువుతాను.